బెరడు ఎత్తకూడదు

మార్చి 4

బెరడు ఎత్తనని బావ నాకు మాటిచ్చాడు. నలభై ఏళ్ళ కిందటి సంగతి. చేతిలో చెయ్యి వేసి, "ఒట్టోయ్ బావమరిదీ, నువ్వొచ్చేదాకా ఆ గదిలో గట్టిగా ఊపిరి కూడా తియ్యను" అన్నాడు. మ్యూజియం వాళ్ళు నమూనాల సేకరణకని నన్ను కొండల్లోకి పంపించారప్పుడు. నా జెర్రి అప్పుడే గుడ్లు పెట్టింది. బెరడు ముక్క కింద గొయ్యి చేసుకుని, గుడ్ల చుట్టూ చుట్టుకుని పడుకుంది. అలా పడుకున్న తల్లి జోలికి పోకూడదు. పైనున్న బెరడు ఎత్తి కాస్త వెలుతురు తగలనిచ్చినా చాలు, తన గుడ్లు తనే తినేస్తుంది. ఇది బావకి ఒకటికి పదిసార్లు చెప్పాను. చిన్నపిల్లాడి చేత పాఠం అప్పజెప్పించుకున్నట్టు అప్పజెప్పించుకున్నాను. తర్వాతే పెట్టె వాళ్ళింట్లో పెట్టి వెళ్ళాను.

తిరిగొచ్చేసరికి పెట్టెలో తల్లి ఒక్కతే ఉంది, కొంచెం బలిసి. బావ గుమ్మంలో నిలబడి, "నేనే ఎత్తానోయ్. చూడాలనిపించింది" అన్నాడు. బస్సు ఆలస్యమైందని చెప్పినంత తేలిగ్గా.

ఇవాళ ఇదంతా గుర్తొచ్చిందంటే కారణం మేనకోడలు. అక్క కూతురు. ప్లీడరు. ఫోన్లో నమస్కారం కూడా వాదనలాగే ఉంటుంది.

"మామయ్యా, నాన్న కళ్ళలో ఒత్తిడి బాగా పెరిగింది. చూపు తగ్గిపోతోంది. కనపడని మనిషి విషప్పురుగుల్లో చెయ్యి పెట్టకూడదని డాక్టరు అన్నీ ఇచ్చెయ్యమన్నాడు. మహారాణిని మాత్రం నీకే ఇవ్వాలట."

మహారాణి అంటే బావ పెంచే జెర్రి. జానెడు పైనే ఉంటుంది. జెర్రికి పేరు పెట్టే మనిషి రేపు బొద్దింకకి పుట్టినరోజు కూడా చేస్తాడు.

"నాకెందుకమ్మా? నా తేళ్ళతోనే నాకు తెల్లవారుతోంది."

"సరే అయితే. పెట్ షాపుకి ఇచ్చేస్తాం."

ఎక్కడ నొక్కితే అరుస్తానో బాగా తెలుసు దానికి. వస్తానని చెప్పాను. మీ నాన్నతో కాదు, మీ అమ్మతో చెప్పమన్నాను.

మార్చి 6

వెళ్ళాను, తెచ్చాను.

మందుల షాపు అమ్మేశాక బావ ముందుగదిని జంతుశాల చేశాడు. ఇప్పుడు అరలన్నీ ఖాళీ. గాజుపెట్టెలు ఉన్నచోట చెక్కమీద తడి మరకలు మిగిలాయి.

నేనూ బావా ఒకే గదిలో కూర్చున్నా నేరుగా మాట్లాడుకోం. నా జెర్రి గుడ్లు పోయినప్పటినుంచీ ఇదే ఏర్పాటు. మధ్యలో అక్క ఉండాలి. నేను అక్కతో చెప్తాను, బావ అక్కతో చెప్తాడు. ఆస్పత్రుల్లోనూ అంతే, పెళ్ళిళ్ళలోనూ అంతే, ఒకసారి మధ్యలో ఆగిపోయిన లిఫ్టులో కూడా అంతే.

"అక్కా, ఇది చివరిసారి ఎప్పుడు తిందో మీ ఆయన్నడుగు."

బావ అక్క వైపు తిరిగి, "చాలా రోజులైంది. బొద్దింకని పెడితే మీసం తిప్పి పక్కకి పోతోంది. మీ తమ్ముడికి చెప్పు, బలవంతం చెయ్యొద్దని" అన్నాడు.

"నాకు పాఠాలు చెప్పొద్దని చెప్పు."

"పాఠం వాడి దగ్గర నేర్చుకున్నదే అని చెప్పు."

"ఇద్దరికీ చెవులున్నాయి కదా, నా నోరెందుకర్రా అరువు?" అంది అక్క. ఈ మాట కూడా పాతదే.

పెట్టె ఇచ్చేముందు నీళ్ళ గిన్నె నింపుతానని పట్టుబట్టాడు బావ. సగం నీళ్ళు గిన్నెలో, సగం కొబ్బరిపీచు పొడిమీద పోశాడు. నాకు నవ్వొచ్చింది. వీడియోల్లో ఒక్క చుక్క ఒలకదు. 'జెర్రి తాతయ్య' అని ఆయనకో చానెల్ ఉంది. వేలమంది చూస్తారట. ప్రతి వీడియో మొదట్లో "ఇదంతా మా బావమరిది దగ్గర నేర్చుకున్నదే" అంటాడు. ఆ మాట విన్నప్పుడల్లా ఒళ్ళు మండుతుంది. అన్ని వీడియోల్లోనూ అంటాడు. ఒక్కదాంట్లోనూ మానలేదు.

మాట్లాడినంతసేపూ నా మొహంలోకి చూడలేదు. నా భుజం మీదుగా గోడని చూస్తూ కూర్చున్నాడు. తప్పు చేసినవాళ్ళు అలాగే చూస్తారు.

మార్చి 7

దాన్ని మహారాణి అని పిలిచే ప్రసక్తి లేదు.

మార్చి 11

అపార్ట్‌మెంట్ సెక్రటరీ వచ్చాడు. వచ్చిన పని చెప్పడానికి ముందు నా పుస్తకాల అరలు చూసి, "ఇవన్నీ చదివారా సార్?" అన్నాడు. చెప్పులు అమ్మే కొట్లో ఇవన్నీ తొడుక్కున్నారా అని అడుగుతాడేమో ఈ మనిషి.

"సార్, మీ ఫ్లాట్లో పాములున్నాయని కంప్లైంట్ వచ్చింది."

"అబద్ధం. తేళ్ళున్నాయి."

"హమ్మయ్య" అన్నాడు. కాసేపటికి అర్థమై కుర్చీలోంచి లేచాడు. "కుడతాయా?"

"అసోసియేషన్ మీటింగులకి పిలిస్తే కుడతాయి."

ఈయన కుక్క లిఫ్టులో దొరికినవాళ్ళనల్లా కరుస్తుంది. దాన్ని బేబీ అంటాడు. నా మండ్రగబ్బలు, అంత పెద్ద నల్ల తేళ్ళు, ఇన్నేళ్ళలో నన్ను ఒక్కసారే కుట్టాయి. అదీ నేను వెధవ్వేషం వేసినప్పుడు. ఈ సంగతి మీటింగులో పెడతానన్నాడు. పెట్టుకోమన్నాను. చూసిపొమ్మని గది దీపం ఆర్పి అల్ట్రావయొలెట్ ఊదారంగు దీపం వేశాను. దానికింద నల్ల తేళ్ళన్నీ పచ్చగా వెలిగాయి. ఎందుకు వెలుగుతాయో ఎవరికీ సరిగా తెలియదు. తెలియదని మర్యాదగా ఒప్పుకున్న పుస్తకాలు చాలా తక్కువ. మిగతా రచయితలందరూ మా మ్యూజియం డైరెక్టరు బాపతు. ఆ మహానుభావుడు సాలీడు సీసామీద తేలు చీటీ అంటించమని, నేను కాదంటే, "చచ్చినవాటికి పేరేదైతేనేం" అన్నవాడు. ఆయన శిలావిగ్రహం ఇప్పుడు ఆ మ్యూజియం గుమ్మంలో ఉంది. చచ్చినవాడికి పేరేదైతేనేం అని కింద రాయించాల్సింది.

సెక్రటరీ మెట్లు దిగేటప్పుడు ఒక్కో మెట్టూ చూసుకుని దిగాడు. ఆ మాత్రం సుఖం చాలు ఈ వారానికి.

మార్చి 15

తినడం లేదు. బెరడు కిందికి దూరి బయటికి రావడం లేదు. లోపల పీచు తవ్వుతున్న చప్పుడు.

బావ దీన్ని బతకదని తెలిసే నాకంటగట్టాడా?

మార్చి 18

బావ పొరబడ్డాడు. జబ్బు కాదు.

సాయంత్రం పెట్టె పక్క తుడుస్తుంటే, గాజుకీ పీచుకీ మధ్య వేలిగోరంత సందులోంచి కనపడింది. పసుపచ్చటి గుడ్ల ముద్ద, దాని చుట్టూ కాళ్ళు. చూస్తుండగానే పీచు లోపలినుంచి తోసి ఆ సందు మూసేసింది. మొహాన తలుపేసినట్టు. మంచి పని చేసింది. నేను దాని స్థానంలో ఉన్నా అదే చేస్తాను.

బావ దగ్గర ఉండగా ఎప్పుడో మగదాంతో కలిసుంటుంది. ఆడ జెర్రి ఆ కలయికని ఒంట్లో నెలల తరబడి దాచుకుని, తనకి కుదిరినప్పుడు గుడ్లు పెడుతుంది. ఇన్నేళ్ళు పెంచాడు, ఇన్ని వీడియోలు తీశాడు, బావ చేతికింద ఒక్క జెర్రీ పిల్లల్ని చెయ్యలేదు. నా దగ్గరా చెయ్యలేదు, ఆ మొదటిది పోయాక. నా దగ్గర కారణం వేరు. ఆ తర్వాత నేను జెర్రుల్ని పెంచలేదు.

ఇప్పుడు చెయ్యాల్సింది ఒక్కటే: ఏమీ చెయ్యకపోవడం. తల్లి తిండి మానేసి గుడ్లని నాకుతూ బూజు పట్టకుండా కాపాడుకుంటుంది. గుడ్లు పిల్లలై, పిల్లలు పొర విడిచి, వాటంతటవి బెరడు కిందినుంచి బయటికి నడిచేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. మే నెల వచ్చేస్తుంది. అప్పుడు పెట్టె పట్టుకెళ్ళి బావ ముందు పెడతాను. బావ కళ్ళు పూర్తిగా పోకముందే పెట్టాలి. చూడు, ఎవరూ బెరడు ఎత్తకపోతే ఏమవుతుందో చూడు, అని ఒక్క మాట. అక్క ద్వారా.

దీనికోసమే బతికి ఉన్నానని రాస్తే అతిగా ఉంటుంది. రాయను.

మార్చి 19

దాని గదిలో నేను చెప్పులు వేసుకుని నడవడం మానేశాను.

మార్చి 24

పెట్ షాపువాడు వచ్చాడు. మహారాణి నా దగ్గరుందని బావ వీడియో చూసి తెలుసుకున్నాడట. ఒకప్పుడు ఇన్సూరెన్స్ పాలసీలు అమ్మేవాడు, ఇప్పుడు తేళ్ళు అమ్ముతున్నాడు. మనిషి మారలేదు. ఎదుటివాడు ఎప్పుడు చస్తాడో లెక్కలు వేసుకుంటూ నవ్వడం అలాగే ఉంది.

"అంకుల్, ఒక్క షాట్. చేతిమీద పాకించుకుంటా. భలే వైరల్ అవుతుంది."

"అది కరిస్తే నువ్వు పెట్టే కేకలింకా వైరల్ అవుతాయి."

"అయ్యో, నేను రోజూ చేతిమీద ఎక్కించుకునేవాణ్ణే అంకుల్."

చేతిమీద ఎక్కించుకునేవాళ్ళంటే నాకు పరమ అసహ్యం. తేలుకి మన ప్రేమ అక్కర్లేదు. జెర్రికి మన ధైర్యం అక్కర్లేదు. వాటికి కావలసింది చీకటి, తేమ, మన ముఖం కనపడకపోవడం. అవి ఏ పుణ్యం చేసుకున్నాయో నాకు దొరికాయి. నాకు కావలసింది కూడా సరిగ్గా అదే.

"తేళ్ళున్న ఇంటికి పిల్లనెవరిస్తార్రా" అని అక్క నా పాతికేళ్ళప్పుడు ఏడ్చేది. ఎవరూ ఇవ్వలేదు. ఇచ్చుంటే ఈ పాటికి ఆవిడ బెరడు ఎత్తి ఉండేది.

మార్చి 29

మేనకోడలు ఫోన్.

"మామయ్యా, నాన్నకి రెండు వారాల్లో కంటి ఆపరేషన్. తర్వాత చూపు ఉండకపోవచ్చు. నీకు చెప్పమంది అమ్మ."

"ఉండకపోవచ్చా, ఉండదా? సరిగా చెప్పు."

"ఉండకపోవచ్చు."

"ఒక నెల వాయిదా వెయ్యించు. మీ కోర్టుల్లో వేస్తారుగా, ఊరికే."

"ఇది కోర్టు కాదు మామయ్యా. ఎందుకు నెల?"

చెప్పలేదు. గుడ్ల సంగతి ఎవరికీ చెప్పలేదు.

మే నెల. ఇంతకాలం ఆగిన మనిషిని, ఇంకో నెల ఆగలేనా అనుకున్నాను. ఆగడానికి నాకేం అడ్డు లేదు. బావ కళ్ళే ఆగేటట్టు లేవు. ఏ పనికీ సమయానికి రాని మనిషి, గుడ్డివాడు కావడానికి మాత్రం ముందే తయారయ్యాడు.

మార్చి 31

మే నెలకి బావ పనికిరాడు. అంతే. కనపడని మనిషికి చూపించి ఏం లాభం. నేనొక్కణ్ణే చూస్తాను. అసలు మొదటినుంచీ నాకోసమే అనుకున్నాను.

ఏప్రిల్ 1

అక్క వచ్చింది. ఒంటరిగా, ఆటోలో, మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కి. ఈ ఇంటికి ఎప్పుడో గాని రాదు. వచ్చి నీళ్ళు తాగి, తేళ్ళకేసి మూతి ముడిచి, సరాసరి ఆ గదిలోకి నడిచింది.

"ఇందులో గుడ్లున్నాయా?"

"నీకెవరు చెప్పారు?"

"నెల వాయిదా అన్నావటగా. మీ బావకి చెప్తే, 'మహారాణి గుడ్లు పెట్టినట్టుంది, వాడు పిల్లల కోసం చూస్తున్నాడు' అన్నారు. నవ్వారు కూడా." చెయ్యి పెట్టె మూతమీద పెట్టింది. "ఓసారి చూపించరా."

"చెయ్యి తియ్!"

నా అరుపు పక్క ఫ్లాటుకి వినపడే ఉంటుంది. అక్క చెయ్యి తియ్యలేదు. మూతమీదే ఉంచి, నావైపు తిరక్కుండా, "అప్పుడు కూడా నువ్వు ఇంట్లో ఉండి ఇలా అరిచుంటే నేను ఎత్తేదాన్ని కాదు" అంది.

"ఏమిటి ఎత్తేది?"

"ఇంకేమిటి. నేనేరా ఎత్తింది. మీ బావ కాదు."

తనే చెప్పుకుంటూ పోయింది.

"నువ్వెళ్ళాక దాని అలికిడి లేదు. తిండి వేస్తే ముట్టలేదు. చచ్చిపోయిందనుకున్నా. నువ్వొచ్చి అది చూస్తే నీ మొహం ఎలా ఉంటుందో తలుచుకుని నాకు నిద్ర పట్టలేదు. మీ బావ షాపుకి వెళ్ళినప్పుడు గరిటె కాడతో కొంచెం పైకి లేపా. బతికే ఉంది. అమ్మయ్యా అనుకున్నా. మర్నాడు చూస్తే గుడ్లు లేవు."

"బావ నేనే ఎత్తానన్నాడు."

"అనమని నేను చెప్పలేదు. ఆయనే అన్నారు. 'నీకున్నది ఒక్క తమ్ముడు, వాడు నీతో మాట్లాడకపోతే నువ్వు ఉండలేవు. నాకేం, బావమరిది మాట్లాడకపోతే పనులు తొందరగా తెముల్తాయి' అన్నారు."

"ఇన్నాళ్ళూ ఎందుకు నోరు విప్పలేదు?"

"విప్పుదామనుకున్నప్పుడల్లా నువ్వు ఆయన్ని తిట్టడం మొదలుపెట్టేవాడివి. ఆ తిట్లన్నీ నాకు చెందినవని తెలిస్తే నువ్వు మా గుమ్మం తొక్కుతావా? తొక్కకపోతే ఎక్కడికి పోతావురా? నీకింకెవరున్నారు, ఈ పురుగులు కాక?" కళ్ళు తుడుచుకోలేదు. తను ఏడవలేదు. కోపంగా ఉంది, నా మీద. "ఆయన పోగొట్టుకున్నవి చాలు. ఇది కూడా మోసుకుని ఆపరేషన్ బల్ల ఎక్కనివ్వను. అందుకొచ్చా."

ఆటో దాకా దింపాను. ఆటోలో కూర్చుని, "తిట్టవేం?" అంది.

ఏప్రిల్ 2

ఏమీ రాయడానికి లేదు.

ఏప్రిల్ 3

ఉంది.

నేను తిరిగొచ్చిన రోజు గుర్తు చేసుకుంటున్నాను. బావ గుమ్మంలో నిలబడ్డాడు, తలుపు మొత్తం అడ్డంగా. వెనక వంటింట్లో అక్క గిన్నెలు తోముతోంది. నెల తర్వాత వచ్చిన తమ్ముణ్ణి చూడ్డానికి వెనక్కి కూడా తిరగలేదు. ఆ గిన్నెల చప్పుడు నాకు వినపడింది. విని, ఏమనుకున్నాను? మొగుడు చేసిన పనికి సిగ్గుపడి తిరగలేదనుకున్నాను. ప్రపంచంలో ఉన్న పుస్తకాలన్నీ చదివినవాణ్ణి, ఒక వంటింటి చప్పుడు చదవలేకపోయాను.

అక్క మీద కోపం రావడం లేదు. చాలాసేపు ప్రయత్నించాను. పురుగు చచ్చిపోయిందేమో, తమ్ముడు బాధపడతాడేమో అని గరిటె కాడతో లేపిన మనిషి మీద ఏమని కోపం తెచ్చుకోను. అంత పొడుగు కోపం ఒకటి తయారుగా పెట్టుకున్నాను, దాన్ని ఎక్కడ దింపను? బావ మీదే ఉంది అది. బావ మీదే ఉండనీ. అబద్ధం ఆడింది ఆయనేగా. నా కోపాన్ని నాతో ఒక్క మాట చెప్పకుండా తన పేర రాయించుకుని, దానిమీద హాయిగా కూర్చుని, వీడియోల్లో నా పేరు చెప్పి దొరలాగ మర్యాదలు చేస్తాడా? త్యాగం చేసేవాళ్ళంత అహంకారులు ఇంకెవరూ ఉండరు. ఎదుటివాడు జీవితాంతం వెధవలా కనపడితే గాని వాళ్ళ మంచితనం మెరవదు.

ఫోన్ చేశాను. బావే ఎత్తాడు.

"బావా, ఎల్లుండి ఇంటికి రా."

"ఉండు, మీ అక్కనిస్తా" అన్నాడు.

"అక్క ఎందుకు? నీతోనే."

ఏప్రిల్ 5

వచ్చాడు. మేనకోడలు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఈ ఇంట్లో బావ అడుగు పెట్టడం ఇదే మొదలు. చేతులు ముందుకి చాపి కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. మెట్లెక్కిన ఆయాసం. "పాత కాగితాల వాసనోయ్" అన్నాడు. "తేళ్ళ వాసన అసలు లేదు. బాగా ఉంచుతున్నావు."

అంతదూరం వచ్చి ఇల్లు శుభ్రంగా ఉందని చెప్తాడు, ఇన్‌స్పెక్టరులాగ.

కర్టెన్లు మూశాను. టార్చికి ఎర్ర కాగితం చుట్టాను. జెర్రికి ఎర్ర వెలుతురు దాదాపు తెలియదు. దాదాపు. పొడుగు పటకారు తీసుకున్నాను.

"ఏం చేస్తున్నావు?" అన్నాడు బావ.

"బెరడు ఎత్తుతున్నాను."

"వద్దోయ్!" కుర్చీలోంచి సగం లేచాడు. "ఎత్తకు. తినేస్తుంది."

"తెలుసు."

"ఇంకో నెల ఆగు. పిల్లలు వాటంతటవే బయటికొస్తాయి."

"నెలదాకా నీ కళ్ళు ఆగుతాయా?"

ఆ మాటకి కూర్చున్నాడు. మొహం చిన్నబోయింది. "నువ్వేనా ఈ మాట అంటున్నది" అన్నాడు.

"అక్క అంతా చెప్పింది."

"ఓహో" అన్నాడు. "గరిటె సంగతి కూడానా?"

"గరిటె సంగతి కూడా."

"ఆ గరిటె మీ అక్క మళ్ళీ వాడలేదోయ్. పారేసింది. మంచి గరిటె" అన్నాడు.

నేను నవ్వలేదు. ఎత్తాను.

మహారాణి చుట్టుకుని ఉంది. ఇటుకరంగు వీపు, కాళ్ళన్నీ లోపలికి మడిచి బుట్టలా అల్లి, ఆ బుట్టలో గుడ్లు. హోమియో మాత్రలు తడిసి ఒకదానికొకటి అతుక్కున్నట్టు, పసుపచ్చగా. తల ఎత్తి మీసాలు మెల్లగా ఆడించింది. మ్యూజియంలో సీసాల్లో స్పిరిట్‌లో తేలే జెర్రుల్ని ఎన్నిటినో చూశాను. వాటికి పేర్లు రాసిన చెయ్యి ఇది. బతికున్న తల్లి గుడ్ల మీద ఉండగా ఇలా నిండుగా చూడ్డం ఇదే మొదలు. ఆ మొదటిసారి కూడా నేను ఎత్తి చూడలేదు కదా.

"చూశావా?" అన్నాను.

బావ వంగాడు. పెట్టె అంచు పట్టుకుని బాగా కిందికి వంగాడు. "ఆహా" అన్నాడు. "ఎంత బాగున్నాయోయ్! అప్పుడే పిల్లలైపోయాయే. తెల్లగా, కదులుతున్నాయి చూడు."

అవి గుడ్లు. ఒక్కటీ కదలడం లేదు. బావ మొహం నీళ్ళ గిన్నె వైపుంది.

మేనకోడలి వైపు చూశాను. కిటికీ దగ్గర నిలబడి నన్నే చూస్తోంది. తల అడ్డంగా ఊపింది.

"అవును" అన్నాను. "కదులుతున్నాయి."

"తల్లి?"

"పైన కప్పుకుని ఉంది. నిన్ను చూస్తోంది."

"నన్ను గుర్తుపడుతుందనుకుంటా" అన్నాడు బావ.

జెర్రి ఎవర్నీ గుర్తుపట్టదు. "పడుతుంది" అన్నాను. బెరడు దించాను.

బావ కారులో కూర్చున్నాక మేనకోడల్ని మెట్లమీద ఆపాను.

"ఎప్పటినుంచి?"

"నీకు పెట్టె ఇచ్చినప్పటికే దాదాపు లేదు మామయ్యా. ఆ వారంలోనే పూర్తిగా పోయింది."

"ఆపరేషన్ తర్వాత ఉండకపోవచ్చు అన్నావు!"

"ఉండకపోవచ్చు అనే అన్నాను. ఇప్పుడు ఉందా అని నువ్వు అడగలేదు. ఆపరేషన్ నొప్పి తగ్గడానికి." ప్లీడరు బుద్ధి. గొంతు మాత్రం ప్లీడరుది కాదు. "నీకు చెప్పొద్దన్నారు. 'కళ్ళు పోయాయంటే జాలిపడి తిట్టడం మానేస్తాడు. వాడు నన్ను తిట్టకపోతే నాకేం తోస్తుంది' అన్నారు. బెరడు ఎత్తుతావని నాకు తెలీదు మామయ్యా. నాన్నకీ తెలీదు. నువ్వు ఎత్తుతావని ఎవరనుకుంటారు?"

ఏప్రిల్ 6

ఇంకా బెరడు కిందే ఉంది. పెట్టెకి చెవి పెట్టి విన్నాను. డెబ్భై దాటినవాడు గాజుపెట్టెకి చెవి పెట్టి నేలమీద పడుకోవడం సెక్రటరీ చూడాల్సింది. ఏమీ వినపడలేదు.

ఎర్ర వెలుతురే కదా. క్షణమే కదా. ఎత్తినా తినని తల్లుల గురించి ఎక్కడో చదివినట్టు గుర్తు.

ఏప్రిల్ 7

ఎక్కడ చదివానో వెతికాను. ఎక్కడా చదవలేదు.

ఏప్రిల్ 8

బయటికొచ్చింది. నీళ్ళ గిన్నె పక్కన కూర్చుని కాళ్ళు ఒక్కొక్కటీ నోట్లో పెట్టుకుని తుడుచుకుంటోంది. కొంచెం బలిసి ఉంది.

ఏప్రిల్ 10

ఆపరేషన్ అయింది. బావ ఆస్పత్రినుంచి ఫోన్ చేశాడు. తనే చేశాడు. నర్సు చేత నంబరు నొక్కించుకున్నాడట.

"పిల్లలెలా ఉన్నాయోయ్?"

ఎదురుగా ఖాళీ బెరడు. మహారాణి పీచుమీద సోమరిగా పడుకుని ఉంది.

"బాగున్నాయి" అన్నాను.

"కదులుతున్నాయా?"

"ఒకదానిమీద ఒకటి పడి తల్లి కాళ్ళలో తిరుగుతున్నాయి. నీకు తెలియనిదా. చూశావుగా."

"చూశానుగా" అన్నాడు. కాస్త నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఎత్తిన బెరడు కింద ఏం మిగులుతుందో నలభై ఏళ్ళ కిందటే తెలిసిన మనిషి ఆయన. "రేపు కూడా చెప్పు. ఇక్కడ తోచడం లేదు. నన్ను తిట్టవేం ఇవాళ?"

"నువ్వు మనిషివేనా" అన్నాను. "ముందు పడుకో."

"ఆ. ఇప్పుడు బాగుంది" అని పెట్టేశాడు.

కాబట్టి రేపు చెప్పాలి. ఎల్లుండీ చెప్పాలి. రంగు ఎప్పుడు మారిందో, మొదటి పొర ఎప్పుడు విడిచాయో, ఏది ముందు బెరడు కిందినుంచి బయటికి నడిచిందో. తప్పులు చెప్తే పట్టేస్తాడు, వెధవ చానెల్ నడిపినవాడు. మే నెలదాకా లేని పిల్లల్ని ఒక్కో రోజూ పెంచాలి నేను. ఆ తర్వాత వాటిని వేరువేరు పెట్టెల్లో పెట్టాలి. పేర్లు కూడా అడుగుతాడు. ఆయన అడక్కుండా ఉంటాడా.

ఒక్క మాట నిజం చెప్పి ఉంటే సరిపోయేది. అప్పుడు చెప్పి ఉంటే ఇన్నేళ్ళు ఎదురెదురు కూర్చుని అక్క నోటితో మాట్లాడుకునేవాళ్ళం కాదు. ఇప్పుడు కళ్ళు లేవని చెప్పి ఉంటే నేను బెరడు ఎత్తేవాణ్ణి కాదు. రెండుసార్లూ గుడ్లు పోయాయి. అక్క ఎత్తింది, సరే. నేను ఎత్తాను, సరే. ఎత్తిన చేతుల్ని ఏమంటాం. తప్పెవరిదని ఎవరైనా అడిగితే, అడిగేవాళ్ళెవరూ లేరు గాని, అడిగితే నేను ఇప్పటికీ ఒక్కటే చెప్తాను.

బావ. మా బావ.